కోటీ పది లక్షలు తక్కువా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 33, మా ఆవిడకు 29. పెళ్లయి మూడేళ్లు. ఇన్నాళ్లూ పరీక్షలన్నీ ఆవిడకే చేయించాం, అన్నీ బాగానే ఉన్నాయన్నారు. అక్టోబర్ మొదట్లో నాకు డెంగీ వచ్చి ఐదు రోజులు ఆసుపత్రిలో ఉన్నాను. తేరుకున్నాక నవంబర్ 20న వీర్యపరీక్ష చేయించుకుంటే కౌంట్ మిల్లీలీటరుకు 11 మిలియన్లే వచ్చింది. మెడికల్ షాపాయన జింకు, ఫోలిక్ యాసిడ్ మాత్రలు ఆరు నెలలు వాడమన్నాడు, నెలకు రెండు వేలు. కొత్త పరిశోధనల్లో తేలిందట. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.
– పేరు వద్దు, అనకాపల్లి

జవాబు: 11 మిలియన్లంటే కోటీ పది లక్షలు, అదీ ఒక్క మిల్లీలీటరులో. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో పెట్టిన కింది గీత 16 మిలియన్లు. ఆ గీత ఎలా వచ్చిందో రిపోర్టులో రాయరు. పెళ్లాం ఏడాదిలోపు నెల తప్పిన మగవాళ్ల కౌంట్లు వరసగా పేర్చి, అడుగున నూటికి ఐదుగురిని వదిలి గీశారు. ఆ ఐదుగురూ తండ్రులే కదా!

అసలు సంగతి మీరు ఒక్క ముక్కలో దాటేశారు: డెంగీ. వృషణాలు ఒంటి బయట ఉండేదే చల్లదనం కోసం, రెండు మూడు డిగ్రీలు తక్కువ వేడిలో పని చేయాలి అవి. గట్టి జ్వరం వస్తే ఆ పని దెబ్బతింటుంది. ఒక వీర్యకణం తయారు కావడానికి సుమారు 74 రోజులు, బయటికి రావడానికి మరికొన్ని రోజులు. నవంబర్ 20న ల్యాబ్‌లో లెక్కపెట్టింది మీ జ్వరం నాటికి సగం తయారైన సరుకు. జనవరి ఆఖర్లో మళ్లీ ఇవ్వండి. ముందు రెండు నుంచి ఏడు రోజులు కలయిక వద్దు. ఎక్కువ రోజులు ఆగితే మంచిదనుకోకండి, కదలిక తగ్గుతుంది.

ఇక మాత్రలు. నేనూ ఏళ్ల తరబడి రాసినవాణ్నే, దాచుకోవడం దేనికి? 2020లో అమెరికాలో 2,370 మందితో చేసిన ప్రయోగం ఫలితాలు వచ్చాక మానేశాను. సగం మందికి ఆరు నెలలు ఈ రెండే ఇచ్చారు, మిగతావాళ్లకు ఉత్తుత్తి బిళ్లలు. కౌంట్ పెరగలేదు. పిల్లలు పుట్టింది నూటికి మందు వేసుకున్నవాళ్లలో 34 మందికి, వేసుకోనివాళ్లలో 35 మందికి. పైగా మందు వాడినవాళ్లకే కడుపునొప్పి, వికారం ఎక్కువ. షాపాయన చెప్పిన ‘కొత్త పరిశోధన’ కంటే ఇదే కొత్తది.

ఆ రెండు వేలలో కొంత పెట్టి యూరాలజిస్టు దగ్గరికి వెళ్లండి. మిమ్మల్ని నిలబెట్టి, చేత్తో చూడాలి. బీజాల పైన, ఎక్కువగా ఎడమవైపు, వానపాముల మూటలా తగిలితే అది వేరికోసీల్, అంటే ఉబ్బిన సిరలు. అలా చేతికి తగిలి, కౌంట్ కూడా తక్కువుంటే చిన్న ఆపరేషన్ చాలామందికి మేలు చేస్తుంది. ప్యాంటు విప్పించకుండానే చీటీ రాసేవాళ్లంటే నాకు ఒళ్లుమంట. జిమ్‌లో టెస్టోస్టిరాన్ ఇంజక్షన్లు తీసుకుని ఉంటే అదీ చెప్పండి. కండ పెరుగుతుంది కానీ వీర్యకణాల తయారీ ఆగిపోతుంది.

మూడేళ్లుగా సూదులు పొడిపించుకున్నది మీ ఆవిడ. రిపోర్టు ముందు ఆవిడకు చూపించండి, ఈ రాత్రికే.