బొమ్మ మీద కథ రాసేటప్పుడు

అమ్మాయీ,

నీ కథ చదివాను. గుడ్డ మీద కలంతో బొమ్మలు వేసే శ్రీకాళహస్తి కలంకారీ పనివాడిని కథలోకి తేవడం నాకు నచ్చింది. కానీ రెండో పేజీ మొత్తం పట్టాభిషేకం బొమ్మను వర్ణించడానికే పోయింది. కిరీటాలు, హారాలు, అంచున లతలు. చదివి పక్కన పెట్టాక ఒక్క కిరీటం కూడా గుర్తులేదు నాకు.

బొమ్మ ముందు నిలబడితే అంతా ఒక్క చూపులో కనిపిస్తుంది. కథలో అలా కుదరదు, ఒక్కో మాటా వరసలో రావాల్సిందే. అందుకని ముందు ఆ బొమ్మను చూస్తున్నది ఎవరో తేల్చుకో. కొనడానికొచ్చిన షాపాయన మీటర్లు లెక్కేస్తాడు. దాన్ని ఉతికి ఆరేసిన ఇంటావిడ కళ్లు మరక మీదికి పోతాయి. వాళ్లు చూసిందే రాయి, మిగతాది వదిలెయ్.

ఇంకో మాట. తిరుపతి నుంచి కాళహస్తి ఎంత దూరమని? వెళ్లి పని జరిగేచోట ఒక పూట కూర్చో. గుడ్డను కరక్కాయ, ఎనుము పాలలో తడిపి ఆరబెడతారు. పాలలోని కొవ్వు వల్ల రంగు పక్కకు పాకదు. తుప్పు ఇనుము, బెల్లం కలిపి రోజుల తరబడి నానబెట్టిన నీళ్లే నల్లరంగు. కలంలో ఉన్నప్పుడు అది అంత నల్లగా ఉండదు. కరక్కాయ పట్టిన గుడ్డకు తగిలాకే గీత నల్లబడుతుంది. ఎరుపు సంగతి మరీ చిత్రం. పటిక నీళ్లతో పూసినప్పుడు ఎరుపు జాడే ఉండదు. తర్వాత చెట్టు వేళ్ల రంగులో ఉడికిస్తే పటిక తగిలిన చోటే ఎర్రగా తేలుతుంది. అంటే ఆ మనిషి కంటికి కనపడని ఎరుపును చేత్తో పూస్తున్నాడు! నీ కథ అక్కడుంది. నువ్వేమో పూర్తయిన బొమ్మ దగ్గరికి పరుగెత్తావు.

పాత కలంకారీ తెరల్లో బొమ్మల వరుసల కింద తెలుగులో కథ రాసి ఉంటుంది, చూశావా? ఒకే గుడ్డ మీద రాముడు మళ్లీ మళ్లీ కనిపిస్తాడు, ఎవరూ తికమకపడరు. నువ్వు మాత్రం ‘మరుసటి రోజు’, ‘ఆ తర్వాత’ అని ప్రతి పేరాకూ తగిలించావు. సగం కొట్టెయ్.

పత్రికకు పంపేటప్పుడు బొమ్మ వేసేవాళ్లకు ఒక ముక్క రాయి: ముగింపు సన్నివేశం గీయొద్దని. కథ నెత్తిన అదే బొమ్మ వేస్తే టెన్షన్ అంతా ముందే తుస్సుమంటుంది.

తిరగరాశాక నాకే ముందు పంపు.

మీ మామయ్య
చిత్తూరు