మీటర్ 1.5 వోల్టులే చూపించింది, మరి ప్లగ్ ఎందుకు మాడింది?

ప్రశ్న: సార్, నాన్నగారు కాలేజీలో ఎన్‌సీసీ ఎయిర్ వింగ్‌లో ఉన్నప్పుడు కొనుక్కున్న, మోడల్ విమానాలకి వాడే చిన్న గ్లో ఇంజిన్ మా ఇంట్లో ఉంది. దాన్ని స్టార్ట్ చేద్దామని 12 వోల్టుల బ్యాటరీ, కరెంట్‌ని ఆన్-ఆఫ్ చేయించే 555 టైమర్ ఐసీ, స్విచ్‌లా పనిచేసే ఒక మాస్‌ఫెట్‌తో దాని గ్లో ప్లగ్‌ని వేడిచేసే డ్రైవర్ సర్క్యూట్ కట్టాను. మల్టీమీటర్‌లో సరిగ్గా 1.5 వోల్టులే ఉంది, కానీ ప్లగ్ తగిలించగానే ఒక్కసారి తళుక్కుమని పోయింది. రెండోదీ అంతే. తప్పెక్కడ?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: సోల్డరింగ్‌లో కాదు, తప్పు లెక్కలో ఉంది. డీసీలో పెట్టిన మల్టీమీటర్ చూపించేది సగటు. 12 వోల్టుల్ని ఎనిమిదో వంతు సమయం ఆన్‌లో ఉంచితే సగటున 1.5 వస్తుంది, నిజమే, కానీ ప్లగ్‌లోని ప్లాటినం తీగ వేడెక్కేది వోల్టేజీ వర్గాన్ని బట్టి. వేడిగా ఉన్న ప్లగ్ రెసిస్టెన్స్ అర ఓమ్ అనుకోండి. 1.5 వోల్టుల సెల్ పెడితే 3 ఆంపియర్లు, అంటే 4.5 వాట్లు. మీ సర్క్యూట్ ఆన్‌లో ఉన్నంతసేపూ 288 వాట్లు, అందులో ఎనిమిదో వంతు తీసినా 36 వాట్లు. ఎనిమిది రెట్లు! అంత సన్నటి తీగ ఎలా తట్టుకుంటుంది?

12 వోల్టులతోనే చేయాలంటే ఆన్ సమయం 64వ వంతుకి తగ్గాలి. పైగా ఆ క్షణంలో 24 ఆంపియర్లు లాగుతుంది, ప్లగ్ చల్లగా ఉంటే ఇంకా ఎక్కువ. నన్నడిగితే అది వదిలేసి, ఎక్కువ కరెంట్ ఇవ్వగల మంచి 18650 సైజు లిథియం సెల్ ఒకటి కొనండి, పాత ల్యాప్‌టాప్ బ్యాటరీలోంచి తీసినది మాత్రం వద్దు. సెల్ నిండుగా 4.2 వోల్టులున్నప్పుడు ఆన్ సమయం 13 శాతం చాలు, 3.7కి దిగాక 16 కావాలి, 3.3కి 21. ఇలా మారుతూ ఉండాలి కాబట్టే 555 బదులు ఏటీటైనీ85 లాంటి చిన్న మైక్రోకంట్రోలర్ పెట్టమంటాను, సెల్ వోల్టేజీ చూసుకుని అదే సరిచేసుకుంటుంది. మాస్‌ఫెట్ కొనేటప్పుడు ఒక్క అక్షరం జాగ్రత్త: ఐఆర్‌ఎఫ్‌జెడ్44 కాదు, ఐఆర్‌ఎల్‌జెడ్44. మొదటిది గేట్‌కి, అంటే దాన్ని ఆన్ చేసే కాలికి, 4 వోల్టులే ఇస్తే పూర్తిగా తెరుచుకోదు, అదే కాలిపోతుంది.

కొత్త ప్లగ్‌ని ఇంజిన్‌లో బిగించకముందే బయట పరీక్షించండి. 5 శాతంతో మొదలుపెట్టి, కాయిల్ మంచి నారింజ రంగుకి వచ్చేదాకా మెల్లగా పెంచండి, తెల్లబడుతుంటే వెంటనే తగ్గించండి. అప్పుడు ఇంధనం డబ్బా దగ్గర్లో ఉండకూడదు, ఈ ఇంజిన్ తాగే మిథనాల్ మంట పగటి వెలుతురులో దాదాపు కనపడదు.

ప్రశ్న: ఇంజిన్ అందుకున్నాక బ్యాటరీ తీసేస్తారు కదా, మరి ప్లగ్ ఎలా మండుతూనే ఉంటుంది?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: మిథనాల్ ఆవిరి, గాలి కలిసి వేడి ప్లాటినాన్ని తాకితే ఆ లోహం మీదే రసాయన చర్య జరిగి వేడి పుడుతుంది. దానికి సిలిండర్‌లో మంట వేడి, కంప్రెషన్ వేడి తోడవుతాయి, అందుకే ఒక స్ట్రోక్ నుంచి ఇంకో స్ట్రోక్‌కి తీగ చల్లారదు. 1947 ప్రాంతంలో అమెరికాలో రే ఆర్డెన్ ఈ ప్లగ్‌ని మార్కెట్లోకి తెచ్చేదాకా చాలా మోడల్ విమానాలు స్పార్క్ కాయిల్, కండెన్సర్, బ్యాటరీ అన్నీ మోసుకుని ఎగరాల్సి వచ్చేది. ఈ ఇంజిన్లలో మామూలు పెట్రోల్ పోస్తే మాత్రం, డ్రైవర్ ఎంత బాగా కట్టినా క్లిప్ తీయగానే ఆగిపోతుంది.