"పో"తోటి సొంత వాక్యాలు ఎట్ల నేర్పాలె?

"మా పిల్ల రెండో తరగతి. 'పో'తోటి సొంత వాక్యాలు రాయమంటే 'రాము బడికి పోయెను' తప్ప ఇంకోటి రాయదు, ఏం చెయ్యాలె?" అని అడిగిన్రు.

ఆ వాక్యం పిల్లది కాదు, గైడుది. ఇంట్ల "తాత మిర్చి అమ్మనీకి ఎనుమాముల పోయిండు" అనే పిల్ల, నోటుబుక్కు తీయంగనే "పోయెను" అంటున్నదంటే సొంత మాట రాయొద్దని ఎవరో భయపెట్టిన్రు. "పోయిండు" అని రాస్తే ఎర్ర పెన్నుతోటి కొట్టెయ్యకున్రి. వాక్యం కుదిరినంక పక్కన "పోయాడు" అని రాయిస్తే పరీక్షకూ పనికొస్తది.

మొదటి రోజు పెన్సిలు వద్దు, నోటితోటే. "అన్న నిన్న ములుగుకు పోయిండు." ఒక్కసారికి ఒక్క ముక్కే మార్చాలె. అన్న తీసి అక్కను పెడితే "పోయింది". అక్కలు అంటే "పోయిన్రు". బర్లు అంటే "పోయినయి". ఇక్కడ పిల్లలు ఆగుతరు, ఆగనియ్యున్రి. ఒక్క అక్కకూ ఒక్క బర్రెకూ "పోయింది" ఒకటే. ఎక్కువైతే మాత్రం అక్కలు అన్నలతోటి కలుస్తరు, బర్లు వేరైతయి. సూత్రం చెప్తే బుర్రకెక్కదు, పలికిస్తే ఎక్కుతది.

తర్వాత ఊరు మార్చాలె. కాజీపేటకు, బడికి తేలికనే. "మేడారంకు", "ఇల్లుకు" దగ్గర తప్పుతరు. సున్నాతోటి ముగిసే ఊర్లు ఒక వరుసల చెప్పియ్యాలె: మేడారానికి, కాళేశ్వరానికి, భద్రాచలానికి. "ఇంటికి" ఒక్కటి విడిగ.

ఎక్కువ తప్పులు "లేదు"తోటే. "నిన్న నేను పోలేను" అని రాస్తరు. మనిషిని బట్టి ముగింపు మారుతదని అప్పుడే నేర్చుకున్నరు గద, దాన్నే ఇక్కడికి తెస్తరు. కని జరిగిపోయినదానికి నేను, నువ్వు, వాళ్ళు, అందరికీ "పోలేదు" ఒక్కటే. "పోలేను" అంటే పోవుడు చాతకాదని. అందుకే ముగింపులు నేర్పిన రోజే "లేదు" నేర్పొద్దు, రెండు మూడు రోజులు ఆగాలె.

నడుమల "కరెంటు పోయింది", "పలక పగిలిపోయింది" అని చెప్తే మెచ్చుకొని వేరే పేజీల రాయించున్రి. "ఎక్కడికి?" అని అడిగితే జవాబు రాని వాక్యాలన్నీ ఆ పేజీకే.

పది వాక్యాల హోంవర్కుతోటి వచ్చేదేం లేదు. రాము, సోము, గీత అని పేర్లు మార్చి పది నింపుతరు, అంతే. తెలంగాణల 2018 చట్టంతోటి సీబీఎస్ఈ బళ్ళల్ల సుత తెలుగు తప్పనిసరైంది. ఆ పీరియడును చూచిరాతతోటి గడిపితే పిల్లలకేం ఒరిగింది?

మూడు వాక్యాలు చాలు: ఒకటి నిన్నటిది, ఒకటి రేపటిది, ఒకటి "లేదు"తోటి. రాసినంక పిల్లతోటే గట్టిగ చదివియ్యున్రి. ముగింపు తప్పితే కంటికంటే ముందు చెవికే దొరుకుతది, అప్పుడు పిల్లనే దిద్దుకుంటది.