పెన్సిల్వేనియా ప్రైమరీలో మీకు బ్యాలెట్ ఎందుకివ్వలేదంటే

అన్నా, మీ ఓటు ఎక్కడికీ పోలేదు, టెన్షన్ పడకండి. లిస్టులో పేరున్నా ప్రైమరీలో, అంటే నవంబరు ఎన్నికకు ముందు పార్టీలు తమ అభ్యర్థిని తేల్చుకునే ఎన్నికలో, బ్యాలెట్ ఇవ్వలేదన్నారు కదా, పెన్సిల్వేనియాలో పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఓటు ఆ పార్టీ పేరుతో నమోదైన వాళ్లకే, మీరేమో ఫారంలో పార్టీ అడిగిన చోట ఏ పార్టీ కాదని టిక్కు పెట్టారు. టెక్సస్‌లో మీ బావమరిది చెప్పిందీ నిజమే, అక్కడ పార్టీ నమోదే లేదు, డెమోక్రాట్లదో రిపబ్లికన్లదో ఒక ప్రైమరీకి వెళ్లొచ్చు, కాకపోతే రనాఫ్, అంటే రెండో విడత ఓటింగ్, వస్తే మళ్లీ అదే పార్టీలో వేయాలి. రాష్ట్రానికో రూలు! చాలా చోట్ల అసలు పోటీ ప్రైమరీలోనే ఉంటుంది, దాన్ని మాత్రం వదులుకోవద్దు. ఆన్‌లైన్‌లోనే పార్టీ మార్చుకోండి, వచ్చే ప్రైమరీకి కనీసం 15 రోజుల ముందు. మార్చుకున్నా నవంబరులో మీకు నచ్చిన ఎవరికైనా వేయొచ్చు.