బోరు నీళ్లతో మాత్రం మొదలుపెట్టకు తమ్ముడూ: రేకుల గదిలో కంప్యూటర్‌కు సొంత వాటర్ కూలింగ్

తమ్ముడూ, నువ్వు అడిగింది ఇదీ: మిర్యాలగూడలో మేడ మీద రేకుల గది, అందులోనే నీ ఆఫీసు పని, మధ్యాహ్నం వీడియో రెండర్ (తుది వీడియో తయారయ్యే పని) పెట్టగానే సీపీయూ, అంటే కంప్యూటర్ ప్రధాన చిప్, 95 డిగ్రీలు దాటి సిస్టమ్ దానంతటదే ఆగిపోతోంది, కూలర్‌లో వాడే పంపు, మెకానిక్ షెడ్‌లో దొరికిన పాత కారు రేడియేటర్, ఒక నీళ్ల డ్రమ్ము పెట్టి వాటర్ కూలింగ్ నేనే చేసుకోవచ్చా అని. చేసుకోవచ్చు. నేను రెండుసార్లు చేశాను. మొదటిసారి దాదాపు నువ్వు రాసిన సామానుతోనే చేసి గ్రాఫిక్స్ కార్డు పోగొట్టుకున్నాను. రెండోది మూడు ఎండాకాలాలు దాటి ఇప్పటికీ నడుస్తోంది. అందుకే కొంచెం పొడుగ్గా రాస్తున్నా, ఓపిగ్గా చదువు.

మాది నల్లగొండ. ఇళ్ల ఎలివేషన్లు త్రీడీలో చేసి బిల్డర్లకు ఇస్తుంటాను, ఒక్కో రెండర్ రెండు మూడు గంటలు పడుతుంది, మధ్యలో సిస్టమ్ ఆగితే మళ్లీ మొదటి నుంచే. కాబట్టి నీ టెన్షన్ ఏంటో నాకు బాగా తెలుసు.

ముందు ఒక సంగతి మనసులో పెట్టుకో. నీళ్లు వేడిని పోగొట్టవు, మోసుకెళ్తాయంతే. చిప్ దగ్గర ఎత్తుకుని రేడియేటర్ దగ్గర దించుతాయి, అక్కడున్న ఫ్యాన్లు ఆ వేడిని గదిలోకే ఊదుతాయి. రేడియేటర్ ఎంత పెద్దది పెట్టినా అందులోని నీళ్లు గది గాలి కంటే చల్లబడవు. రోహిణి కార్తెలో మధ్యాహ్నం రెండింటికి మన రేకుల కింద 42 డిగ్రీలు ఉందనుకో, మంచి సెటప్‌లో కూడా నీళ్లు 50, 52 దగ్గర నిలబడతాయి, చిప్ దానిపైన ఇంకో పాతిక ముప్పై ఎక్కుతుంది. అంటే 75 నుంచి 82. సిస్టమ్ ఆగిపోకుండా ఉండటానికి ఇది చాలు. 50 డిగ్రీలకు దిగుతుందని ఆశపడి డబ్బు పెడితే మాత్రం బాధపడతావు.

అందుకని పైపులు కొనే ముందు ఒక ఆదివారం ఈ పనులు చేసి చూడు. ఇప్పుడు చిప్ మీదున్న హీట్‌సింక్ (వేడిని లాగే లోహపు రెక్కల దిమ్మె) విప్పి ఫ్యాన్ కింద చూడు, మన దుమ్ముకు అక్కడ రెక్కల మీద దూది పరుపులా పేరుకుని ఉంటుంది. అది తీసేసి, చిప్‌కూ దానికీ మధ్య ఎండిపోయిన థర్మల్ పేస్ట్ తుడిచి కొత్తది పెట్టు. తర్వాత బయోస్‌లోకి (విండోస్ కంటే ముందు తెరుచుకునే సెట్టింగుల్లోకి) వెళ్లి ప్రాసెసర్ పవర్ లిమిట్ తగ్గించు. నాది 125 వాట్ల నుంచి 95కు దించితే గంట రెండర్‌కు నాలుగైదు నిమిషాలే ఎక్కువ పట్టింది, వేడి మాత్రం 12 డిగ్రీలు తగ్గింది. రేకుల మీద తెల్లటి కూల్ పెయింట్ కొట్టించు, 2023లో మన రాష్ట్రం కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది కూడా ఇందుకే. గది మూడు డిగ్రీలు తగ్గితే చిప్ కూడా దాదాపు మూడు డిగ్రీలు తగ్గుతుంది, ఇక్కడ లెక్క అంత సూటిగా ఉంటుంది. ఇంకోటి, కూలర్‌ను తీసుకొచ్చి కేబినెట్‌కు ఎదురుగా పెట్టొద్దు. ఆ గాలిలో తేమతో పాటు గడ్డి మీది ఉప్పు పొడి కూడా వచ్చి బోర్డు మీద కూర్చుంటుంది.

ఇవన్నీ చేశాక కూడా చాలకపోతే అప్పుడు వాటర్ కూలింగ్‌కు రా. ఇక మొదట నీళ్ల గురించే చెప్పాలి, ఎందుకంటే నన్ను దెబ్బతీసింది అవే.

నల్లగొండ నీళ్లంటే అందరికీ ఫ్లోరైడే గుర్తొస్తుంది, మర్రిగూడ వైపు ఊళ్లలో వంకర తిరిగిన కాళ్లు చూసినవాళ్లం కాబట్టి అది మన మనసులోంచి పోదు. కానీ కంప్యూటర్ లూప్‌కు, అంటే నీళ్లు తిరిగే చుట్టుకు, అసలు శత్రువు కాల్షియం, మెగ్నీషియం, అంటే మనం సున్నం పట్టడం అంటామే, అది. మా బోరు నీళ్లలో టీడీఎస్ మీటర్ (నీళ్లలో కరిగిన లవణాలు కొలిచేది) ముంచితే 900 పైనే చూపిస్తుంది. నేను అప్పుడు అదంతా ఆలోచించలేదు, నీళ్లు నీళ్లే కదా అని పంపు దగ్గర బకెట్ పట్టి పోసేశాను. మూడు నెలలకు నీళ్ల ధార సన్నబడింది. వాటర్ బ్లాక్ (చిప్ మీద కూర్చునే, లోపల నీళ్లు పారే దిమ్మె) విప్పి చూస్తే లోపల రాగి రెక్కల మధ్య, ఒక్కో సందు వెంట్రుకంత ఉంటుంది, ఆ సందులన్నీ బూడిద రంగు ముద్దతో పూడుకుపోయి ఉన్నాయి. పిన్నీసుతో గీకితే బకెట్‌లో పెట్టే హీటర్ రాడ్ మీది పెంకు లాగే పొరలు పొరలుగా ఊడొచ్చింది.

ఆ ముద్దలో సగం సున్నం, మిగతా సగం అల్యూమినియం. నా రేడియేటర్ పాత కారుది, అల్యూమినియంది, బ్లాకేమో రాగిది. ఈ రెండు లోహాలూ ఒకే నీళ్లలో కలిస్తే ఆ నీళ్లు బ్యాటరీలా పనిచేస్తాయి, అల్యూమినియం కొంచెం కొంచెంగా కరిగిపోతుంది, నీళ్లలో ఉప్పు ఎంత ఎక్కువ ఉంటే అంత తొందరగా. మరి కంపెనీవాళ్లు అమ్మే రెడీమేడ్ సెట్లలో చాలావాటికి అల్యూమినియం రేడియేటర్, రాగి ప్లేటే ఉంటాయి కదా అంటావేమో. అవి సీలు చేసినవి, లోపల తుప్పు ఆపే మందు కలిపిన ద్రవం ఉంటుంది. మనం విప్పి పోసే లూప్‌లో ఆ భరోసా లేదు. రాగి బ్లాక్ పెడితే రాగి లేదా ఇత్తడి రేడియేటరే పెట్టు, ఆ మెకానిక్ షెడ్ దాన్ని మర్చిపో.

పోయాల్సింది డిస్టిల్డ్ వాటర్. బ్యాటరీ షాపుల్లో డబ్బాల్లో దొరుకుతుంది, కానీ దాన్నీ నమ్మొద్దు, మీటర్ పెట్టి చూసి 5 లోపు ఉంటేనే తీసుకో. ఒక డబ్బా నాకు 60 చూపించింది, వెనక్కి ఇచ్చేశాను. వీధి చివర క్యాన్‌లో పట్టుకునే ఆర్‌ఓ నీళ్లు తాగడానికి సరే, లూప్‌కు పనికిరావు, వాటిలో కూడా లవణాలు ఉంటాయి. డిస్టిల్డ్ నీళ్లలో కంప్యూటర్ కూలెంట్ గాఢద్రవం డబ్బా మీద రాసిన పాళ్లలో కలుపు, పాచి పట్టదు, తుప్పు ఆగుతుంది. కారు కూలెంట్ కూడా వాడేవాళ్లున్నారు, అయితే అందులో ఎక్కువగా ఇథిలీన్ గ్లైకాల్ ఉంటుంది, తియ్యగా ఉంటుంది, విషం. ఇంట్లో చిన్నపిల్లలో కుక్కపిల్లో ఉంటే దాని జోలికే పోవద్దు.

పంపు సంగతికి వస్తే, కూలర్ పంపు 230 వోల్టులది, దాన్ని వేరే ప్లగ్గులో పెడతాం. ఎవరైనా పొరపాటున ఆ స్విచ్ ఆపితే కంప్యూటర్ నడుస్తూనే ఉంటుంది, నీళ్లు మాత్రం తిరగవు. పైగా దాని ఇన్సులేషన్ పాడైతే లూప్ నీళ్లన్నిటికీ కరెంటు వస్తుంది, నువ్వు చెయ్యి పెట్టేది ఆ నీళ్లలోనే. 12 వోల్టుల పంపు కొని కంప్యూటర్ ఎస్‌ఎంపీఎస్ (లోపలి భాగాలకు కరెంటు ఇచ్చే పెట్టె) నుంచే కరెంటు ఇవ్వు, రెండూ కలిసే ఆన్ అవుతాయి, కలిసే ఆగుతాయి. పంపు స్పీడు చెప్పే సన్న వైరును మదర్‌బోర్డు మీద సీపీయూ ఫ్యాన్ పిన్నుకు కలిపి, ఆర్‌పీఎం (నిమిషానికి తిరిగే చుట్లు) సున్నా అయితే సిస్టమ్ ఆగేలా బయోస్‌లో పెట్టుకో. చాలా పంపులకు నీళ్లు 60 డిగ్రీలు దాటొద్దని రాసి ఉంటుంది, మన ఎండలకు ఆ లెక్క కూడా గుర్తుండాలి. అక్వేరియం పైపు కూడా వద్దు, వేడికి మెత్తబడి వంపు దగ్గర నొక్కుకుపోతుంది.

మా నాయన ముప్పై ఏళ్లు వ్యవసాయ మోటార్లు రిపేరు చేశాడు, కంప్యూటర్ ఆన్ చేయడం కూడా రాదు. రెండో సెటప్ నింపిన రోజు పంపు గరగరమంటుంటే పంపే పాడైందని నేను ఆన్‌లైన్‌లో వెతుకుతూ కూర్చున్నాను. ఆయన గుమ్మంలోంచే విని "గాలి పట్టింది బిడ్డా, ఒట్టిగా తిప్పుతున్నవ్, ఆపు" అన్నాడు. నీళ్ల ట్యాంకును పంపు కంటే ఎత్తులో పెట్టించి, కేబినెట్‌ను ఎత్తి అటు ఇటు వంచమన్నాడు, రేడియేటర్‌లో ఇరుక్కున్న గాలి బుడగలన్నీ గుడగుడమని పైకొచ్చాయి, రెండు నిమిషాల్లో పంపు చప్పుడే లేదు. చేను కాడ మోటారైనా అరచేతిలో పట్టే పంపైనా నీళ్లు లేకుండా తిరిగితే బేరింగ్ కాలిపోతుంది, ఇది నాకు నాయన నేర్పిందే.

నువ్వు రాసిన డ్రమ్ము ఆలోచన గురించి చెప్తాను, ఎందుకంటే అది చాలామందికి వస్తుంది, నాకూ వచ్చింది. నేను డ్రమ్ముకు బదులు రంజన్, అంటే తాగునీళ్ల మట్టి కుండ, పెట్టాను. ఏసీకి వాడే సన్న రాగి పైపును చుట్టలా వంచి 15 లీటర్ల రంజన్‌లో దించి, లూప్ నీళ్లు దాంట్లోంచి పోయేలా చేశాను. పొద్దున రంజన్ నీళ్లు 28 డిగ్రీలు, మొదటి గంట చిప్ 60 కూడా దాటలేదు, ఆ సంతోషం ఇంతా అంతా కాదు. రెండు గంటలకు రంజన్ నీళ్లు 44. ఆ సాయంత్రం కూర్చుని లెక్క వేశాను. లీటరు నీళ్లు ఒక డిగ్రీ పెరగాలంటే 4,200 జౌళ్ల (జౌల్ అంటే శక్తి కొలత) వేడి కావాలి, నా కంప్యూటర్ ఇచ్చేది 150 వాట్లు, అంటే సెకనుకు 150 జౌళ్లు. 15 లీటర్లకు ఏడు నిమిషాలకో డిగ్రీ చొప్పున పెరుగుతూనే పోతుంది. రంజన్ చల్లబడేది దాని గోడల్లోంచి నీళ్లు ఊరి ఆవిరవడం వల్ల, మా రంజన్‌లో రోజుకు సుమారు లీటరు తగ్గుతుంది, అది 28 వాట్ల వేడికి సమానం. 150 వాట్లు పోవాలంటే గంటకు పావు లీటరు చొప్పున ఆవిరవ్వాలి, అంటే రోజంతా పనిచేస్తే అలాంటి రంజన్లు ఐదారు కావాలి. డ్రమ్ము 200 లీటర్లదైతే రోజంతా నెట్టుకొస్తుంది కానీ రాత్రికి చల్లారాలి కదా, మే నెలలో మన రాత్రుళ్లే 30 దగ్గర ఉంటాయి, మూత పెట్టిన ప్లాస్టిక్ డ్రమ్ము చల్లారదు. పైగా మేడ మీద రెండు క్వింటాళ్ల బరువు.

ఐసు సీసాలు వేస్తే అని కూడా అడుగుతావు. 30 డిగ్రీల గదిలో తేమ 75 శాతం ఉందంటే 25 కంటే చల్లగా ఉన్న దేనిమీదైనా నీటి చుక్కలు కడతాయి. వానాకాలంలోనైనా, ఎండాకాలం కూలర్ వేసుకున్న గదిలోనైనా ఐసు నీళ్లు తిప్పావంటే బ్లాక్ చుట్టూ చెమట పట్టి అది సాకెట్‌లోకి దిగుతుంది. వద్దు.

నాకు నిజంగా పనిచేసింది రేడియేటర్‌ను కిటికీలో బిగించడం. ఉత్తరం వైపు చిన్న కిటికీ ఉంది, ఎండ పడదు, అక్కడ 360 మిల్లీమీటర్ల రాగి రేడియేటర్, మూడు ఫ్యాన్లు, గాలి గదిలోంచి బయటకు పోయేలా. కంప్యూటర్ వేడి గదిలో ఉండదు, పైగా ఆ ఫ్యాన్లే కొంత ఎగ్జాస్ట్ పని చేస్తాయి. ఇంతకుముందు సాయంత్రానికి గది కొలిమిలా అయ్యేది, ఇప్పుడు నేను కూర్చోగలుగుతున్నాను, ఒక రకంగా చిప్ చల్లబడటం కంటే నాకు ఇదే పెద్ద లాభం. రేడియేటర్‌కు బయట దోమల జాలీ కొట్టి, పదిహేను రోజులకోసారి బ్రష్‌తో దుమ్ము దులుపుతాను. పైపు పొడుగు పెరుగుతుంది కాబట్టి కొంచెం గట్టి పంపు తీసుకో, పైపు గోడ దాటే చోట పీవీసీ ముక్క తొడుగు, లేకపోతే అంచుకు రాసుకుని తెగుతుంది.

చివరిగా లీకు పరీక్ష. నా గ్రాఫిక్స్ కార్డు పోయింది ఇది చేయకే, ఒక క్లిప్పు సరిగా బిగించలేదు, రాత్రంతా చుక్క చుక్క కారి నేరుగా దాని మీదే పడింది. నీళ్లు నింపాక ఈ పరీక్ష అయ్యేదాకా కంప్యూటర్‌కు కరెంటు ఇవ్వకూడదు. ఎస్‌ఎంపీఎస్ ప్లగ్గు గోడ నుంచి తీసి, మదర్‌బోర్డుకు, కార్డుకు, డిస్కులకు వెళ్లే కేబుళ్లన్నీ పీకేసి, పంపు ఒక్కటే ఉంచు. మదర్‌బోర్డు నుంచి పీకిన 24 పిన్నుల కనెక్టర్‌లో ఆకుపచ్చ వైరును పక్కన నల్ల వైరుతో చిన్న తీగ ముక్కతో కలిపి, అప్పుడు ప్లగ్గు పెట్టు, పంపు మాత్రమే తిరుగుతుంది. ప్రతి జాయింటు కింద టిష్యూ పేపరు పరిచి 24 గంటలు వదిలేయ్. మరుసటి రోజు ఒక్క పేపరు మీద చిన్న మరక కనిపించినా అది బిగించి మళ్లీ 24 గంటలు. పని అర్జెంటుగా ఉందని ఈ రోజును మాత్రం తగ్గించుకోకు.

ఆ పవర్ లిమిట్ తగ్గించి చూసి ఎన్ని డిగ్రీలు దిగిందో ఇక్కడే రాయి, నీ ప్రాసెసర్ పేరు, కిటికీ కొలత కూడా చెప్తే ఎంత రేడియేటర్ సరిపోతుందో చెప్తాను. నల్లగొండ వైపు వచ్చే పనుంటే ముందే ఒక మెసేజ్ పెట్టు, నా దగ్గర టీడీఎస్ మీటర్ ఉంది, రెండు రోజులు ఉంచుకుని మీ బోరుది, బ్యాటరీ డబ్బాది కొలుచుకుని ఇద్దువు.