పెచ్చులూడిన గోడకు మళ్లీ రంగు వేయించే ముందు

ప్రశ్న: చారిత్రక పట్టణంలో తాతగారి నాటి సున్నపు గోడల ఇల్లు మాది. బయటి గోడలకు మెటీరియల్‌తో సహా గుత్తకిచ్చి ఎమల్షన్ (ప్లాస్టిక్ రంగు) వేయించాం. తొలి వానలకే పెచ్చులూడింది. సరిచేస్తానంటూ మేస్త్రి 20 నెలలుగా తిప్పుతున్నాడు. నాన్నగారు కుమిలిపోతున్నారు. ఒప్పంద పత్రం లేదు. పాత తేదీతో రాయించుకోవచ్చా? ఇంట్లో పెళ్లి ఉంది, ముందు గోకించి రంగు వేయించేయమంటారా?

జవాబు: నాన్నగారి బాధతో మేస్త్రి మీద వినియోగదారుల కేసు నిలవదు. పెచ్చు ఎందుకు ఊడిందో రుజువు చేయగలిగితేనే నిలుస్తుంది.

ఊడిన పెచ్చును తిప్పి చూడండి. వెనక సున్నపు పొడి అంటుకుని ఉంటే పాత వెల్లను సరిగా గోకకుండా పూశారన్నమాట. వాన తగలని చూరు కింద కూడా అలాగే ఊడితే మేస్త్రి తప్పించుకోవడం కష్టం. పునాది నుంచి రెండు మూడు అడుగుల మేరకే ఊడి, ఉప్పు తేలిందా? అది నేల చెమ్మ. సున్నపు గోడ చెమ్మను బయటికి వదులుతుంది, ఎమల్షన్ పొర ఆపుతుంది, పొక్కులు లేస్తాయి. అప్పుడు మేస్త్రి ‘మీ గోడదే లోపం’ అంటాడు. ఆ రంగు ఎంచింది తనేనని చూపే వాట్సాప్ సందేశాలు, రంగు బిల్లులు అప్పుడు మీకు దిక్కు.

పాత తేదీ కాగితం జోలికి పోవద్దు. స్టాంపు పేపర్ అమ్మిన తేదీ దాని మీదే ఉంటుంది. దొంగ సాక్ష్యం సృష్టిస్తే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 229 కింద ఏడేళ్ల దాకా జైలు. అసలు ఆ అవసరమేముంది? నోటిమాట ఒప్పందమూ చెల్లుతుంది. యూపీఐ చెల్లింపులే సాక్ష్యం. రోజుకూలీకి కాక గుత్తకివ్వడం మీకు కలిసొచ్చింది, పని బాధ్యతంతా అతనిదే అవుతుంది.

20 నెలలు ఊరుకోవడం మాత్రం శుద్ధ అజాగ్రత్త. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 సెక్షన్ 69 ప్రకారం గడువు రెండేళ్లే. తొలి పొక్కు కనిపించిన నాటి నుంచి లెక్కేసుకోండి. అతని ఫోను హామీలతో, మీ నోటీసులతో అది పెరగదు. ఆలస్యాన్ని మన్నించమని అడగవచ్చు గానీ ఆ ఆశతో కూర్చోకండి.

ఈ వారమే సివిల్ ఇంజినీరుకు గోడ చూపించి నివేదిక తీసుకోండి. ఫోను ఫొటోలకు, సందేశాలకు అవి అసలైనవేనని తెలిపే భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 ధ్రువపత్రం జతచేయాలి. ఫలానా తేదీన గోకిస్తున్నాం, ముందే వచ్చి చూసుకోమని మేస్త్రికి స్పీడ్‌పోస్టులో 15 రోజుల నోటీసివ్వండి. మీ జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చు; చెల్లించింది ఐదు లక్షల లోపైతే ఫీజు లేదు. పెళ్లికి ముందువైపు గోకించుకోండి, బాగా దెబ్బతిన్న ఒక గోడను మాత్రం కమిషన్ పరిశీలన అయ్యేదాకా ముట్టుకోకండి.