గెడ్డ సంగతి రాళ్ల కింద తెలుస్తుంది

ప్రశ్న: చలికాలంలో మా ఊరి గెడ్డలో (వాగులో) కాఫీ పండ్లు పల్పింగ్ చేసిన, అంటే తోలు ఒలిచిన నీళ్లు కలుస్తాయి. ల్యాబ్‌కి పంపితే బాగానే ఉన్నాయన్నారు. పురుగుల్ని బట్టి గెడ్డ ఆరోగ్యం చెప్పొచ్చంటున్నారు. హైస్కూలు పిల్లలతో చేయించగలమా?
– ఉపాధ్యాయుడు, పాడేరు

జవాబు: తప్పకుండా చేయించండి. ల్యాబ్ చెప్పేది సీసా నింపిన ఆ నిమిషం సంగతే. రాత్రి వదిలిన పల్పింగ్ నీళ్లు పొద్దుటికి కొట్టుకుపోతాయి. కానీ అందులోని తీపి జిగురు కుళ్లుతూ నీళ్లలో ఆక్సిజన్ లాగేస్తుంది. రాళ్ల కింద వారాలు, నెలలు బతికే పురుగుల్లో సున్నితమైనవి ముందు మాయమవుతాయి.

నీళ్లు కలిసే చోటుకి ఎగువన ఒకటి, దిగువన ఒకటి చూసుకోండి. రెండూ మోకాలి లోతు లోపు, రాళ్ల మీద గలగలా పారే చోట్లే కావాలి. ఎగువన రాళ్లు, దిగువన ఇసుక ఎంచుకుంటే మీకు కనబడే తేడా ఇసుక వల్ల వచ్చిందే కావచ్చు. ఎక్కువమంది పొరబడేది ఇక్కడే.

పురుగులు పట్టే వలకు అర మిల్లీమీటరు కన్నాల నైలాన్ గుడ్డ కుట్టించండి. దోమతెరలోంచి చిన్న పురుగులు జారిపోతాయి. వల మూతిని పారే నీటికి ఎదురుగా, నేలకు ఆనించి పట్టుకోవాలి. దానికి ఎగువన నిలబడి, బూట్లతో రాళ్లు కదుపుతూ, కొంచెం కొంచెంగా పైకి జరగాలి. గడియారం చూసి 3 నిమిషాలు, రెండు చోట్లా సమానంగా. ముందు దిగువ చోటు ముగించండి, లేకపోతే పైన కదిపినవి కిందికి కొట్టుకొచ్చి లెక్క చెడుతుంది.

వలలోది తెల్ల ట్రేలో, అంగుళం లోతు గెడ్డనీళ్లలో పోసి ఐదు నిమిషాలు కదపకండి. చెత్త అడుగుకి దిగితే పురుగులు కదలడం మొదలెడతాయి. రెండు తోకలు, ఒక్కో కాలికి రెండు గోళ్లు, కాళ్ల మొదట్లో కుచ్చులా మొప్పలు ఉంటే అది స్టోన్‌ఫ్లై అనే రెక్కల పురుగు పిల్ల. ట్రేలో ఆక్సిజన్ తగ్గగానే దండీలు తీస్తున్నట్టు ఒళ్లు పైకీ కిందికీ ఊపుతుంది. పిల్లలకు అది తప్పక చూపించండి! పొట్ట పక్కన మొప్పలు, ఎక్కువగా మూడు తోకలు ఉంటే మేఫ్లై. ఇసుక రేణువులతో గూడు కట్టుకునేది క్యాడిస్‌ఫ్లై.

పురుగులకు మార్కులు వేసే బ్రిటన్ పట్టికలో ఒక్కో కుటుంబానికి (దగ్గరి పోలికలున్న పురుగుల గుంపుకి) 1 నుంచి 10 మార్కులు; మురికి తట్టుకోలేని వాటికి ఎక్కువ. మన కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పద్ధతికీ అదే మూలం. పెద్ద స్టోన్‌ఫ్లైలకు, బల్లపరుపు మేఫ్లైలకు 10, వల అల్లే క్యాడిస్‌కు 5, ఈదే చిన్న మేఫ్లైకి 4, జలగకు 3, ఎర్ర పురుగుకు (దోమలాంటి ఈగ పిల్ల) 2, వానపాము జాతికి 1. కుటుంబానికి ఒక్కసారే వేసి, మొత్తాన్ని కుటుంబాల సంఖ్యతో భాగించండి. ఉదాహరణకు ఎగువన 10, 10, 5, 4 అయితే సగటు 7.25, దిగువన 5, 4, 2, 1 అయితే 3. దిగువన వందల పురుగులు దొరికినా మురిసిపోవద్దు. మురికి తట్టుకునే ఒకటి రెండు రకాలే అక్కడ పెరుగుతాయి.

పల్పింగ్ మొదలవక ముందు ఒకసారి, జోరుగా సాగేటప్పుడు ఒకసారి చేయండి. ముందే తేడా ఉంటే కారణం ఇంకేదో ఉంది. వరద తగ్గాక మూడు వారాలైనా ఆగండి. ఇంకో మాట: స్టోన్‌ఫ్లై దొరికిందని ఆ నీళ్లు తాగించకండి. విరేచనాల క్రిములకు పరీక్ష వేరు.

ప్రశ్న: మా వాగు వేసవిలో ఎండిపోతుంది. ఇదే పద్ధతి పనికొస్తుందా?
– పాఠకురాలు, ఆదిలాబాద్

జవాబు: పనికొస్తుంది, కానీ ఏడాది పొడవునా పారే గెడ్డతో పోల్చకండి. ఎండే వాగులో స్టోన్‌ఫ్లైలు కనబడకపోతే అది కాలుష్యమే అనుకోలేం. మీలాగే ఎండిపోయే, ఊరి మురుగు కలవని పక్క వాగుతో, ఒకే వారంలో పోల్చి చూడండి.